మగ్గాల మోతలో అరిచినవాడు

నగరిలో వరదమ్మ నోటికి భయపడని మనిషి లేడు. చేతికి భయపడేవాళ్లు కూడా తక్కువేమీ కాదు. నూలు కొట్టు గుమస్తా ఒకడు ఆమె కూతురి మీద ఏదో వెకిలి మాట అన్నందుకు నడిబజారులో చెప్పు తీసుకుని వాడి రెండు చెంపలూ వాయించింది. మొగుడు మునస్వామి పెళ్లైన కొత్తలో తాగొచ్చి కొట్టేవాడు. ఆరేళ్లు పడింది. ఏడో ఏడు ఒక సాయంత్రం మగ్గం పక్కన పడి ఉన్న చెక్క అందుకుని తిరిగి కొట్టింది. ముంజేయి విరిగి మునస్వామి రెండు నెలలు పుత్తూరు కట్టుతో తిరిగాడు. ఆ తర్వాత తాగడం మానలేదు గానీ కొట్టడం మానేశాడు. అందుకని, దెబ్బతో కుదరని వ్యవహారం లోకంలో ఉండదని వరదమ్మ గట్టిగా నమ్మింది. యాభై రెండేళ్లు వచ్చేదాకా ఆ నమ్మకానికి ఎవరూ అడ్డు తగల్లేదు. చివరికి అల్లుడు గిరి తగిలాడు.

ఆమెది మరమగ్గాల పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది మగ్గాలు. నాలుగు తను చూసుకుంటుంది, నాలుగు చంద్రిక అనే కూలి మనిషి చూసుకుంటుంది. ఎనిమిదీ ఒక్కసారి ఆడుతుంటే పక్క మనిషి చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప మాట వినిపించదు. ముప్పై ఏళ్లు ఆ మోతలో బతికిన వరదమ్మకు చెవులు సగం పోయాయి. చెవుల పని కళ్లు నేర్చుకున్నాయి. అవతలి మనిషి పెదాలు కదిలితే చాలు, ఏమన్నదీ తెలిసిపోతుంది. మగ్గాల ఇళ్లలో ఇదేమీ విశేషం కాదు. అక్కడి కోడళ్లు మూడు మగ్గాల అవతలి నుంచి గొంతు పెగలకుండా అత్తల్ని తిట్టుకుంటారు, అవతలి కోడళ్లు నవ్వుతారు. వరదమ్మా చంద్రికా రోజంతా అట్లాగే ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు.

గిరికి ఈ సంగతి తెలియదు. అతనిది పలమనేరు. కులానికి నేతవాళ్లే గానీ తాతల కాలంలోనే మగ్గం వదిలేశారు, తండ్రి పాల ట్యాంకరు డ్రైవరు. గిరి పద్దెనిమిదో ఏట మిలిటరీలో చేరి పదమూడేళ్లకు నాయక్ అయ్యాడు. భార్య కోమలి నగరిలో ప్రైవేటు బడి టీచరు, పైగా ఇప్పుడు ఏడో నెల, అందుకని పుట్టింట్లోనే ఉంటోంది. సెలవు మీద వస్తే గిరి కూడా అక్కడే దిగుతాడు. వరదమ్మకు అల్లుడంటే చెప్పలేనంత గర్వం. కొడుకులు లేని లోటు యూనిఫాం వేసుకున్న ఈ అల్లుడితో తీరిందనుకునేది.

ఈసారి నలభై రోజుల సెలవు దొరికింది. వచ్చిన రెండో రోజే బస్టాండు దగ్గర టీ కొట్టులో గొడవ జరిగింది. గొడవ అనడం కూడా తప్పే. ఆటో నడిపే కుప్పయ్య, గిరికి బాగా తెలిసినవాడు, వెనక నుంచి వచ్చి ప్రేమగా భుజం మీద చరిచాడు. అంతే. గిరి తిరిగిన వేగానికి చేతిలోని గ్లాసు ఎటు పోయిందో తెలియదు. మొదటి గుద్దుకే కుప్పయ్య దవడ పక్కకు పోయింది. కింద పడినవాడి మీద కూర్చుని గుద్దుతూనే ఉన్నాడు. పళ్లు రెండు రాలి సిమెంటు గచ్చు మీద పడ్డాయి. నలుగురు పట్టుకుని లాగితే గానీ లేవలేదు, లేచాక తన చేతికి అంటిన రక్తం ఎవరిదని అడిగాడు.

ఇంత జరిగితే ఊరు ఏమనుకోవాలి? ఊరు మురిసిపోయింది. మిలిటరీ దెబ్బంటే అట్లుంటుందని టీ కొట్టులో వారం రోజులు చెప్పుకున్నారు. వైరు కట్టిన దవడతో కుప్పయ్యే సైగలు చేసి ఎక్కడెక్కడ తగిలిందో చూపించాడు. వరదమ్మ కూడా మురిసింది, అబద్ధమెందుకు. ఒక మనిషి కళ్లెదుట మునిగిపోతుంటే ఈత బాగా కొడుతున్నాడని చప్పట్లు కొట్టిన ఊరు మాది.

టీ కొట్టు గొడవకు ముందు రోజే గిరి వరదమ్మతో ఒక మాట అన్నాడు. దోశ పోస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని, రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదని, కళ్లు మూస్తే ఒక మనిషి కనిపిస్తున్నాడని చెప్పాడు. వరదమ్మ పెద్దగా నవ్వింది. బార్డరులో నిలబడే మగవాడు నిద్ర రాలేదని అత్త దగ్గర ఏడవడమేమిటని ఎగతాళి చేసి, ఇంకో దోశ వేసింది. అతను తిని లేచిపోయాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు అన్నం సహించదు.

తర్వాత ఇంట్లో వస్తువులు విరగడం మొదలైంది. కుక్కరు కూత వేసినందుకు స్టవ్వుతో సహా దాన్ని గోడకు కొట్టాడు. వీధిలో టైరు పేలితే మంచం ఎత్తి తలుపుకు అడ్డం పెట్టి, దాని వెనక గంటసేపు బోర్లా పడుకున్నాడు. ఒక మధ్యాహ్నం కునుకు తీస్తున్నవాణ్ని అన్నానికి రమ్మని కోమలి తట్టి లేపింది. లేస్తూనే చెంప మీద కొట్టాడు. కడుపుతో ఉన్న పిల్ల వెళ్లి గడప మీద పడింది. పెదవి చిట్లి జాకెట్టు మీదకు రక్తం కారింది.

వరదమ్మ ఊరుకునే మనిషా? మూలనున్న చేతికర్ర అందుకుని అల్లుడి వీపు మీద బలం కొద్దీ కొట్టింది. అతను కర్ర పట్టుకోలేదు, తప్పుకోలేదు. గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడి కొట్టించుకున్నాడు. ఆమె చెయ్యి ఆగితే, ఆపావేమని అడుగుతున్నట్టు తల తిప్పి చూశాడు. అతని ముఖంలో కోపం లేదు, దెబ్బలు ఇంకా కావాలన్న ఆశ ఉంది. వరదమ్మకు జీవితంలో మొదటిసారి తన కర్రను చూస్తే తనకే భయం వేసింది. దాన్ని విరిచి పొయ్యిలో పెట్టింది.

సెలవు ఇంకా తొమ్మిది రోజులుండగా గిరి మగ్గాల షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు. పదకొండు గంటలకు, ఎనిమిది మగ్గాలూ ఆడుతున్నప్పుడు వచ్చేవాడు. చివరి మగ్గం అవతల మోటారు పక్కన నిలబడేవాడు. మొదటి రోజు వరదమ్మ పడుగు దారాల మీదుగా చూస్తే అతని నోరు తెరుచుకుని ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. పాడుతున్నాడేమో అనుకుంది. తర్వాత పెదాలు చూసింది.

"రేయ్ జోయల్, నేనే రా నిన్ను సంపింది. నువ్వు డాక్టరు కాడికి పోతానంటే పోవద్దన్నది నేనే. ఇరవై మూడో తేదీకి డ్యూటీ ఎక్కుతా. తుపాకి సేతికి వచ్చినాక నీ కాడికే వస్తా."

గొంతు చించుకుని అరుస్తున్నాడు. ఈ మోతలో తన మాట తనకే వినిపించదు కాబట్టి ఇంకెవరికీ తెలియదని అతని ధీమా. పలమనేరు పాలవాళ్ల పిల్లాడికి అంతకంటే ఏం తెలుస్తుంది? ఆ పక్క మగ్గం దగ్గర చంద్రిక చెయ్యి ఆగిపోయింది. దారం తెగి, బట్ట నాలుగు వేళ్లు పాడైంది. ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, పెదాలు మాత్రం కదపలేదు.

జోయల్ ఎవరో వరదమ్మకు తెలుసు. చిత్తూరు దగ్గర ఊరివాడు, గిరితో ఒకే పటాలం. కోమలి పెళ్లికి వచ్చి మూడుసార్లు పాయసం అడిగి వేయించుకున్న నవ్వుముఖం పిల్లాడు. మూడు నెలల కిందట బార్డరులో పోయాడన్నారు. శవపెట్టెతో చిత్తూరుకు వచ్చింది గిరే. అందరూ శత్రువు గుండు అనుకున్నారు. కాపలా డ్యూటీలో తన తుపాకీతో తనే ప్రాణం తీసుకున్నాడని మగ్గాల మోతలో గిరి పెదాలు చెప్పేదాకా ఆమెకు తెలియదు. రెండో రోజు, మూడో రోజు మిగతాదంతా తెలిసింది. జోయల్ నెల ముందు నుంచి తనకు బాగాలేదని, చావు ఆలోచనలు వస్తున్నాయని గిరితోనే చెప్పుకున్నాడు. ఆసుపత్రికి పోతే రికార్డులో ఎక్కుతుంది, మెడికల్ కేటగిరీ పడిపోతుంది, పిచ్చివాడంటారు, ప్రమోషను అయ్యేదాకా ఓర్చుకోమని గిరి సలహా ఇచ్చాడు. జోయల్ ఓర్చుకోలేకపోయాడు. చిత్తూరులో వాళ్లమ్మ పెట్టె మీద పడి, నా బిడ్డ నీతో ఏమైనా చెప్పినాడా నాయనా అని అడిగితే, ఏమీ చెప్పలేదమ్మా అన్నాడు.

నాలుగో రోజు వరదమ్మ ఆగలేకపోయింది. మగ్గం వదిలి అతని ముందుకు వెళ్లి, చెవి పట్టుకుని వంచి, జోయల్ పేరు అరిచింది. ఆ పేరు ఇంకొకరి నోట వినగానే గిరి మనిషి కాకుండా పోయాడు. ఆమెను గొంతు పట్టుకుని ఎత్తి మగ్గం ఇనుప చట్రానికేసి కొట్టాడు. రెండు బొటనవేళ్లూ గొంతులో దిగాయి. వెనక మగ్గం ఆడుతూనే ఉంది. ఆమె కొప్పు ఊడి జుట్టు పళ్ల చక్రాల దాకా పోయింది, ఇంకో జానెడైతే తలే పోయేది. అరుద్దామంటే గొంతులో దారి లేదు. కళ్ల ముందు షెడ్డు రేకులు నల్లబడుతున్నాయి. చెయ్యి చాస్తే ఒక నాడె తగిలింది. పడుగులో అటూ ఇటూ దారం మోసే, రెండు కొనలకూ ఇనుప మొనలుండే బరువైన కొయ్య నాడె. దాంతో అతని ముఖం మీద కొట్టింది. కనుబొమ మీద చీరుకుపోయి రక్తం ఇద్దరి మీదా చిమ్మింది. మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకు అతని చేతులు వదిలాయి. చంద్రిక ఇనుప కడ్డీ ఎత్తుకుని వచ్చేసరికి గిరి నేల మీద కూలబడి తన చేతులు తనే చూసుకుంటున్నాడు.

వరదమ్మ లేచి, పడుతూ లేస్తూ మోటార్లన్నీ ఆపించింది. పనివేళలో షెడ్డులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

"నీకెట్ల తెలిసె అత్తా?" అన్నాడు గిరి.

"ఈడ ఎవురూ చెవుల్తో వినరప్పా," అంది వరదమ్మ. మాట గరగరమంటూ వచ్చింది. "నాలుగు దినాలుగా నువ్వు అరిసేదంతా నేనూ చంద్రికా సూస్తానే ఉండాము."

అతను తల నేలకు కొట్టుకోబోతే చంద్రిక కడ్డీ పారేసి పట్టుకుంది. తనను పోనిమ్మని, జోయల్‌కు జవాబు చెప్పుకోవాలని ఏడ్చాడు. వరదమ్మ చెయ్యి అలవాటు కొద్దీ లేచింది, గాల్లోనే ఆగింది. కొట్టి చంపడం లోకంలో అందరికీ తెలుసు. కొట్టి బతికించడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు. చెయ్యి దించి, పైట చెంగుతో అతని కనుబొమ నొక్కి పట్టుకుని కూర్చుంది.

విషయం తెలిసి మునస్వామి గంగమ్మ గుడిలో వేపమండలతో దిగదుడిపిద్దామన్నాడు. వరదమ్మ చూసిన చూపుకు ఆ మాట అక్కడే మింగేశాడు. చిట్లిన పెదవితో నిర్ణయం చేసింది కోమలి. సెలవులో ఉన్న జవాను దగ్గర్లోని మిలిటరీ ఆసుపత్రికి పోవచ్చని గిరే ఎప్పుడో చెప్పాడు, చెన్నై రెండున్నర గంటల దూరం, తెల్లారగానే బయలుదేరాలంది. నౌకరీ పోతే పోనీ, నాకు మనిషి కావాలంది. ఇంట్లో ప్రాణానికి ముప్పు తెచ్చే వస్తువులన్నీ చంద్రిక మూటగట్టి తన ఇంటికి తీసుకుపోయింది. తల్లీ కూతుళ్లు వంతులు వేసుకుని అతని పక్కనే కూర్చున్నారు.

నెలలు నిండుతున్న కోమలిని ఇంట్లోనే ఉంచి, ఉదయం ఊరి పక్కనున్న ఏకాంబరకుప్పం స్టేషన్లో ఇద్దరూ రైలెక్కారు, గిరి నుదుటికి కట్టుతో, వరదమ్మ మెడ చుట్టూ పైట చుట్టుకుని. రైలు కదిలాక వరదమ్మ ఒక తెలివైన ఆలోచన చేసింది. తెలివైనదని ఆమె అనుకుంది. కూతురు నౌకరీ పోనీ అన్నంత మాత్రాన పోనిస్తారా, కడుపులో బిడ్డ ఉంది, రేపు వాళ్ల బతుకేమిటి?

"నిద్ర పట్టలేదని మాత్రం సెప్పు. మాత్రలిస్తారు. మిగతాదంతా ఎందుకు, ఉండే కేటగిరీ పోతాది," అంది.

గిరి ఆమె వైపు తిరిగాడు. "జోయల్‌తో నేనూ ఇదే సెప్పినా అత్తా," అన్నాడు.

అరక్కోణంలో రైలు ఆగీ ఆగకముందే అతను లేచి తలుపు వైపు పరిగెత్తాడు. వరదమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుంది. చొక్కా చిరిగింది. నడుము పట్టుకుంది. అతను మోచేత్తో ఆమె రొమ్ము మీద పొడిచాడు, ఆమె వదల్లేదు. ఇద్దరూ తలుపు దగ్గర గుట్టలా పడ్డారు. పెట్టెలో జనం మూగారు. ఎవడో ఫోను ఎత్తి వీడియో తీస్తుంటే వరదమ్మ పడిన చోటి నుంచే వాడి ముంజేతి మీద తన్నింది, ఫోను పట్టాల మీద పడింది. వీడు నా అల్లుడు, కొట్టుకుంటాం చస్తాం మీకేమని అరవంలో అందరినీ కలిపి ఒక తిట్టు తిట్టింది. చెన్నై వచ్చేదాకా అతని ముంజేయి తన చీర కొంగుతో తన చేతికి కట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ యూనిఫాంలో ఉంది. తమిళావిడ, చిన్న వయసు. తెలుగు రాదు. గిరితో హిందీలో, వరదమ్మతో అరవంలో మాట్లాడింది. నుదుటి గాయం చూసి అతన్ని కూర్చోమంది. అతను కూర్చోకుండా అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఏమైందని ఆవిడ అడిగింది. "సబ్ ఠీక్ హై" అన్నాడు. ఆవిడ తొందరపడలేదు. ఇంకోసారి, ఇంకో రకంగా అడిగింది. గిరి నోరు తెరిచాడు. పదమూడేళ్లుగా పై అధికారులకు ఆ భాషలో అంతా బాగుందనే చెప్పి చెప్పి, ఇప్పుడు చెప్పబోతే అందులో వేరే మాట దొరకలేదు. చివరికి తెలుగు వచ్చింది.

"అత్తా, నేను సెప్పేది ఆయమ్మకు అరవంలో సెప్పు," అన్నాడు, కళ్లు గోడ మీద పెట్టి. "కడుపుతో ఉండే పెండ్లాన్ని కొట్టినాను. మా అత్త గొంతు పిసికినాను. జోయల్ నాతో సెప్పుకుంటే వాడి నోరు మూసినాను. నేను సచ్చిపోవాలనుకున్నాను, ఇప్పటికీ ఆ తలపు పోలేదు. నా సేతికి తుపాకి ఇయ్యొద్దని సెప్పు."

డాక్టరమ్మ వరదమ్మ వైపు తిరిగి ఎదురుచూసింది.

నిద్ర పట్టదంట అనే మాట వరదమ్మ నాలుక మీద సిద్ధంగా ఉంది. రైలెక్కినప్పటి నుంచీ అరవంలో కూర్చుకుని పెట్టుకుంది. అదొక్కటి అంటే చాలు, ఈ గదిలో అబద్ధమని చెప్పగలవాళ్లు ఇంకెవరూ లేరు. ఎందుకంటే అల్లుడు ఇక నోరు విప్పడు, అది ఆమెకు స్పష్టంగా కనిపిస్తోంది. ఉన్నదంతా ఒక్కసారే బయట పెట్టేసి, కట్టెలా నిలబడ్డాడు. మాత్రలు తీసుకుని సాయంత్రానికి నగరి చేరవచ్చు. నౌకరీ నిలుస్తుంది. ఇరవై మూడుకి అతను డ్యూటీ ఎక్కుతాడు.

వరదమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఒంటి మీద పడిన దెబ్బల్లో ఏదీ ఆమెను ఇంత నొప్పించలేదు. వీడు నా గొంతు పిసికినాడమ్మా అని అరవంలో మొదలుపెట్టింది. కడుపుతో ఉండే నా బిడ్డను కొట్టినాడని చెప్పింది. జోయల్ సంగతి చెప్పింది. చావాలనుకుంటున్నాడనే మాట చెప్పడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత, తను దాచాలనుకున్నది ఒక్కటీ మిగల్చకుండా, తుపాకీ మాట కూడా చెప్పింది. చెబుతూ చెబుతూ భోరుమని ఏడ్చింది. ఏడుపులో మాట సరిగా తెలియలేదని, ఇంకోసారి చెప్పమంది డాక్టరమ్మ.

"వీని సేతికి తుపాకి ఇయ్యొద్దమ్మా," అని వరదమ్మ ఈసారి తెలుగులోనే అరిచింది, అయినా తుపాకి అన్న మాట డాక్టరమ్మకు అర్థమైంది. ఆవిడ లేచి వచ్చి గిరి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. అతను కూర్చున్నాడు.